దరిపాటకు వంత

మద్రాసు స్టూడియోల్లో మేండొలిన్ జగన్నాధం అంటే ఎరగని సంగీత దర్శకుడు లేడు. గేటు దాటి రోడ్డు మీదికొస్తే మాత్రం అతనెవరో ఎవరికీ తెలీదు. బొబ్బిలి దగ్గర వీణలు చెక్కే ఇంట పుట్టాడు. పనసచెక్కను వేలితో తట్టి, ఇది పలికే చెక్కా మొద్దు చెక్కా అని చెప్పే చెవి తండ్రి నుంచి వచ్చింది గానీ, ఉలి మాత్రం చేతికి అంటలేదు. విజయనగరం వచ్చిన నాటకాల వాళ్ల దగ్గర మేండొలిన్ చూశాడు. ఇక దాని వెనకాలే పోయాడు. పోయి పోయి కోడంబాకంలో తేలాడు.

అక్కడ అతని పని పల్లవికీ చరణానికీ నడుమ వచ్చే బిట్లు వాయించడం. నాయిక కిటికీ దగ్గర నిలబడి నిట్టూర్చినా, నాయకుడు సైకిలెక్కి ఈల వేసినా, వెనక తీగ మీటే చెయ్యి ఇతనిదే. పొద్దున ఒక స్టూడియో, మధ్యాహ్నం ఇంకో స్టూడియో. అలా పదిహేనేళ్లు గడిచిపోయాయి. ఒకరోజు టీ తాగుతుంటే హోటలు రేడియోలో ఏదో పాట వచ్చింది. మేండొలిన్ చాలా బాగుంది. ఎవరబ్బా వాయించింది అనుకున్నాడు. పాట అయిపోయాక గాని అది తన చెయ్యేనని తట్టలేదు. ఎప్పుడు వాయించాడో, ఎవరికి వాయించాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చేతిలో టీ చల్లారిపోయింది.

ఆ వారమే మౌంటు రోడ్డులో చిన్న రికార్డుల కంపెనీ పెట్టుకున్న నరసింగరావు దగ్గరికి వెళ్లాడు. నరసింగరావు సూటిగా మాట్లాడే మనిషి. "సినిమా పాటలు పెద్ద కంపెనీలవి. కచేరీలు ఇంకొకళ్లవి. ఆ రెండూ కానిదేదైనా ఉంటే తీసుకురా జగన్నాధం, నేను వేస్తాను," అన్నాడు. బ్యాటరీలతో నడిచే జర్మనీ టేపు రికార్డరు ఒకటి చేతికిచ్చాడు.

అలా అరవై ఎనిమిదిలో జగన్నాధం సొంత సీమకు వచ్చాడు. రామతీర్థం దగ్గర తప్పెట్లు కట్టుకుని ఆడే తప్పెటగుళ్ళ వాళ్ల పాటలు టేపు మీద పట్టాడు. బొబ్బిలి సంతలో బిచ్చమెత్తుకునే ముసలాయన పాట పట్టాడు. కొండల వైపు కూడా వెళ్దామనుకున్నాడు గానీ, ఆ రోజుల్లో అటు పోలీసుల తిరుగుడు ఎక్కువై, పెట్టె భుజాన వేసుకున్న కొత్త మనిషిని ఎక్కడికక్కడ ఆపుతున్నారు. అందుకని సముద్రం దారి పట్టాడు. శ్రీకాకుళంలో జముకు వాయించే ఎర్రన్న పరిచయమయ్యాడు. జముకంటే ఒకవైపు తోలు బిగించిన డొల్ల. ఆ తోలు నడిమినుంచి తీసిన నరాన్ని లాగి మీటితే, లోపల ఎవరో మూలిగినట్టు జుమ్మంటుంది.

"మా అప్ప పాట ఇన్నావా బాబూ నువ్వు?" అన్నాడు ఎర్రన్న. "కళింగపట్నం అవతల మా పల్లి. దరిపాట పాడాలంటే అదే పాడాల. మంచు కమ్మి, యాటకెల్లిన నావలకి దరి కానరాకపోతే ఆడోళ్ళు ఇసక మీద నిలబడి పాడే పాట. ఆ పాటట్టుకుని నావలు వొచ్చేత్తాయి."

జగన్నాధం మర్నాడే వెళ్లాడు. ఎర్రన్న అక్క లక్ష్మణమ్మ యాభై దాటిన మనిషి. చేపలు ఎండబెట్టే చాప మీంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ పెట్టెను చుట్టూ తిరిగి చూసింది.

"ఇందులోకెల్లిన పాట మళ్ళీ బయటికొస్తాదా?"

"వస్తుంది అప్పా. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు."

"అయితే నాను మంచినీల్లు తాగొస్తాను, ఉండు," అంది.

అలల చప్పుడు పడకూడదని, ఊరి చివర వాడుకలో లేని ఉప్పు గిడ్డంగిని ఎంచుకున్నాడు జగన్నాధం. మూరెడు మందం గోడలు. తలుపు వేస్తే మిట్టమధ్యాహ్నమే చీకటి. లక్ష్మణమ్మకు అది నచ్చలేదు. "తలుపేసి దరిపాట పాడ్రు బాబూ," అంది. అతను బతిమాలితే, సముద్రం వైపు గోడకు ఎదురుగా కూర్చుని గొంతెత్తింది.

"ఇసకతిప్ప మీద నాను నిలిసి ఉన్నానయ్యా, నీల్లమీది మావలారా..."

ఎర్రన్న జముకు మీటాడు. ప్రతి చరణం చివరా ఆమె ఒక ఊపిరి సేపు ఆగుతోంది. వంత పలికేవాళ్లకు విడిచే చోటది. వంత పలకడానికి ఎవరూ లేరు. జముకు ఒక్కటే మోగింది.

వాళ్లు భోజనాలకు వెళ్లాక జగన్నాధం హెడ్‌ఫోన్ పెట్టుకుని టేపు వెనక్కి తిప్పి విన్నాడు. లక్ష్మణమ్మ గొంతు ఉప్పుగాలికి ఎండిన తాడులా గట్టిగా, గరుకుగా, అద్భుతంగా ఉంది. చరణం ముగిసింది. ఆమె ఆగిన చోట, చాలా సన్నగా, ఒక మగగొంతు "దరికొస్తన్నామే... ఓ... దరికొస్తన్నామే..." అంది.

హెడ్‌ఫోన్ తీసి గిడ్డంగి అంతా కలయజూశాడు. ఎవరూ లేరు. టేపు చుట్ట మీద చుట్ట పడి ఉంటుంది గనక ఒక పొరలోని శబ్దం పక్క పొరకు అంటడం కద్దు. అదేమోననుకున్నాడు. కానీ అలా అంటేది ఆమె గొంతే కావాలి గాని మగగొంతెక్కడిది? పాత టేపేమోనని కొత్త టేపు చుట్ట సీలు విప్పి, మళ్లీ పాడించాడు. మళ్లీ ఆ గొంతు ఉంది. ఈసారి ఇంకాస్త తేటగా.

స్టూడియోల్లో పండిన చెవి అతనిది. ఏ గొంతు మైకుకు ఎంత దూరంలో ఉందో, ఏ గదిలో పలికిందో కళ్లు మూసుకుని చెప్పగలడు. లక్ష్మణమ్మ పాటకూ జముకుకూ గిడ్డంగి గోడల మారుమోత ఉంది. ఈ గొంతుకు లేదు. అది గోడలు లేని చోట, ఆరుబయట, నీళ్ల మీద నుంచి వస్తున్న గొంతు. ఇంకో సంగతి కూడా అతన్ని కలవరపెట్టింది. ఆ గొంతు చరణం పూర్తిగా ముగియకముందే, వెంట్రుకవాసి ముందుగా అందుకుంటోంది. పాడే మనిషి ఊపిరి ఎక్కడ తెగుతుందో ఏళ్ల తరబడి తెలిసినవాడు తప్ప అలా అందుకోలేడు.

మర్నాడు ఎర్రన్నను ఒక్కణ్నీ పిలిచి వినిపించాడు. ఎర్రన్న నవ్వుతూ, తలాడిస్తూ మొదలుపెట్టాడు. కాసేపటికి తల ఆగిపోయింది. హెడ్‌ఫోన్ తీసి, కాలే పెనాన్ని ముట్టుకున్నట్టు కింద పెట్టేశాడు.

"మా బావ," అన్నాడు. "పోతురాజు బావ. అప్ప పాటకి ఎప్పుడూ ఆడే వంత. పన్నెండేళ్ళ కిందట తుపానులో ఎలిపోనాడు. నావలో నలుగురు. పీనుగులు కూడా తేల్లేదు." "అప్పకి సెప్పకు బాబూ," అని చేతులు పట్టుకున్నాడు.

చెప్పనవసరం లేకపోయింది. ఆ రోజు పాడుతూ పాడుతూ, చరణం చివర లక్ష్మణమ్మ ఎప్పటికంటే ఎక్కువసేపు ఆగింది.

"ఎందుకాగేవప్పా?" అన్నాడు జగన్నాధం.

"వంతకి సోటియ్యాల గదా," అంది. తర్వాత అతని మొహం కేసి చూసి, "నిన్నట్నించి మీరిద్దరూ నా కల్లలోకి సూడ్డం లేదు. ఏటున్నాది అందులో? ఇనిపించు," అంది.

హెడ్‌ఫోన్ ఆమె తలకు తనే తగిలించాడు. ఏడుస్తుందనుకున్నాడు, పడిపోతుందేమోనని పక్కనే నిలబడ్డాడు. ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా వింది.

"జలుబు సేసినట్టున్నాది," అంది మెల్లగా. "తడిసొస్తే తల తుడుసుకోడు ఈ మనిసి. ఎన్నిసార్లు సెప్పినా అంతే."

జగన్నాధం వంగి టేపు ఆపాడు.

ఆ మరుసటి రోజు ఆమె పిలవకుండానే వచ్చి కూర్చుంది. అదే వరసలో, పాటలో లేని మాట కట్టి పాడింది: "ఏ నీల్లమీదున్నావు మావా, ఏ గాలికి నిలిసేవు?" పాడి ఆగింది. గిడ్డంగిలో బల్లి పలికిన చప్పుడు కూడా లేదు. టేపు వెనక్కి తిప్పితే మాత్రం జవాబుంది. "మంచు ఇడలేదే లచ్చమ్మా... దరి కానరాలేదే... పాటాపకే..."

లక్ష్మణమ్మ హెడ్‌ఫోన్ తీసింది. "ఇంకా నావలోనే ఉన్నాడు. తుపానొచ్చిన్రోజే అనుకుంటన్నాడు. ఆళ్ళు సచ్చిపోనట్టు ఆళ్ళకి తెల్దు బాబూ."

ఇక ఆమెను ఆపగలిగేవాళ్లు లేకపోయారు. పొద్దున కూర్చుంటే పొద్దువాలే దాకా పాట. చేపలు ఎండబెట్టడం మానేసింది, అన్నం మానేసింది. సంగతి పల్లెలో పాకి, ఆ నావలోనే మొగుణ్ని పోగొట్టుకున్న బుల్లమ్మా, అన్నను పోగొట్టుకున్న దాలమ్మా వచ్చి పక్కన కూర్చున్నారు. వాళ్లు వచ్చిన రోజు నుంచి టేపులో వంత పలికే గొంతులు ఎక్కువయ్యాయి. తెడ్లు నీళ్లలో పడి లేచే చప్పుడు కూడా వినవచ్చింది. ఆడవాళ్లు ఒక హెడ్‌ఫోన్‌ను చేతులు మార్చుకుంటూ, తమ మనిషి గొంతు రాగానే గుండెకు అదుముకునేవారు.

నిజం చెప్పాలంటే ఆపగలిగినవాడు జగన్నాధం ఒక్కడే. పెట్టె మూసేస్తే అయిపోయేది. మూయలేకపోయాడు. భయంగా ఉంది, నిద్ర పట్టడం లేదు. అయినా పొద్దున్నే మైకు బిగించి, "ఇంకొక్కసారి అప్పా," అనేవాడు. ఇలాంటి రికార్డు లోకంలో ఎవరి దగ్గరా లేదని లోపలొక ఆశ. ఆ ఆశే అతని చేత మీట నొక్కించేది. కానీ రోజురోజుకీ అతని చెవి ఒక మాట చెబుతూనే ఉంది. గొంతులు దగ్గరవుతున్నాయి. మొదట అవి ఏరు సముద్రంలో కలిసే మొగకు అవతల ఉన్నాయి. తర్వాత అలలు విరిగే చోటికి వచ్చాయి. ఆ రోజు టేపు చివర, నావ అడుగు ఇసుకను రాసుకున్న చప్పుడు పడింది.

మండుటెండలో గిడ్డంగి బయటికి వచ్చి చూశాడు. సముద్రం అద్దంలా ఉంది. పల్లెలోని కుక్కలన్నీ ఒడ్డున బారుగా కూర్చుని నీళ్లకేసి చూస్తున్నాయి. ఒక్కటీ మొరగడం లేదు. నీళ్లలోంచి ఒక చార, నావను లాగినప్పుడు ఇసుకలో పడే లోతైన చార, కొంత దూరం పైకి వచ్చి ఆగిపోయింది. దాని చివర నావ లేదు. చుట్టూ అడుగులూ లేవు.

జాలర్లు వచ్చి చూసి తమ తెప్పలను దూరంగా జరుపుకున్నారు. మర్నాటికి ఆ చార గిడ్డంగి వైపు ఇంకాస్త సాగింది.

అప్పుడు వచ్చింది జగ్గమ్మ. నావలో నాలుగోవాడు ఆమె కొడుకు. అందరిలోకీ పెద్దది, కర్ర లేకపోతే నడవలేదు. అన్నాళ్లూ ఆమె గిడ్డంగి గుమ్మం తొక్కలేదు.

"నా కొడుకు గొంతు ఇనాలని నాకు మాత్రం ఉండదేటే?" అంది గుమ్మంలో నిలబడే. "ఇంటే పొమ్మన్లేనని రాలేదు. ఒసే లక్ష్మణమ్మా, ఆళ్ళు ఇంటికొస్తన్నామనుకుని వస్తన్నారు. వొచ్చి ఏటి సూస్తారు? ముసిలైపోన నిన్ను సూస్తారు. బుల్లమ్మకి మారుమనువైపోనాది. ఎత్తుకుతిప్పిన గుంటలు మీసాలొచ్చి ఎదర నిలబడితే, నువ్వెవడ్రా అంటారు. అప్పుడు తెలుస్తాది ఆళ్ళకి, ఆళ్ళు లేరని. అది తెలిసినోళ్ళు వుత్తిసేతుల్తో ఎల్తారేటే? మన్నెవర్నో ఒకర్ని ఎంటెట్టుకోకుండా?"

బుల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"పాటాపేత్తే ఆళ్ళు నడిసంద్రంలో తిరుగుతుంటారు అత్తా," అంది లక్ష్మణమ్మ. "అది మాత్రం పుణ్నెమా? నానే సెప్పి పంపాల." జగన్నాధం వైపు తిరిగింది. "కథ సెప్పేకాడ ఒక పద్దతున్నాది బాబూ. వంతగాడికి అలుపొస్తే ఇంకోడు వంత అందుకుంటాడు. అప్పుడు ముందోడు లేసి ఎల్లొచ్చు. ఎవలూ అందుకోకపోతే కథ నడుస్తన్నంతసేపూ ఆడికి సెలవు లేదు. మా మావకి సెలవియ్యాల."

"నానందుకుంటానప్పా," అన్నాడు ఎర్రన్న.

"నువ్వొద్దురా. నీకు పిల్లలున్నారు." ఆమె చూపు, జగన్నాధం మద్రాసు నుంచి వెంట తెచ్చుకుని గోడకు చేరేసిన మేండొలిన్ మీద ఆగింది. "అది వంత పలుకుతాదేటి బాబూ?"

"దానికి ఇన్నాళ్లూ అదే పని అప్పా."

"సూడు మరి. ఒకపాలి అటిచ్చేసినాక మళ్ళీ నీకు దక్కుతాదో లేదో నాకు తెల్దు. తెలీకుండా అడగడం నాయం కాదు, అందుకే సెప్తన్నాను."

జగన్నాధం మేండొలిన్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె అంటున్నది పూర్తిగా అర్థమైందని కాదు. కానీ వాళ్లను ఇంత దగ్గరికి రప్పించినవాటిలో తన పెట్టె కూడా ఉంది. "కానియ్యప్పా," అన్నాడు.

ఈసారి తలుపులు బార్లా తీయించింది లక్ష్మణమ్మ. ఎండ లోపలికి పడింది. టేపు తిరగసాగింది. ఆమె దరిపాట వరసలోనే ఊరి కబుర్లన్నీ ఒక్కొక్కటిగా పాడింది. నీ పేరున పిండం పెట్టేం మావా అంది. నీ కూతురికి పొందూరు సంబంధం చేసేం, నీ మనవడికి నీ పేరే పెట్టేం అంది. నీ తెడ్డు నీ కొడుకేస్తన్నాడంది. బుల్లమ్మని ఏటీ అనకండి, వయసులో ఉన్నది, అది తప్పు కాదంది. మంచు కాదు మావా అది, మంచైతే ఎప్పుడో ఇడును అంది.

ఒక్కో చరణం చివరా జగన్నాధం వంత అందుకున్నాడు. ఆ పోతురాజు అందుకున్నట్టే, వెంట్రుకవాసి ముందుగా. మొదట్లో తీగలు మామూలుగానే పలికాయి. నడిమికి వచ్చేసరికి వేళ్లు చల్లబడ్డాయి. తీగల మీద తడి తగిలింది. నాలిక్కి ఉప్పు రుచి వచ్చింది. తన మీటు తనకే దూరం నుంచి వింటున్నట్టుంది. ఎవరో ఎదురుగా కూర్చుని, చేతి మీద చెయ్యి వేసి, పనివాడు పనివాడికి పనిముట్టు అప్పగించేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నారనిపించింది. భయం వేయలేదు. ఆ పట్టు మెత్తగా, అలిసిపోయినట్టుగా ఉంది.

"ఇంకెల్లు మావా," అని ముగించింది లక్ష్మణమ్మ. ఒడ్డున కుక్కలన్నీ ఒక్కసారి మొరిగి, లేచి పల్లెలోకి పోయాయి.

టేపు వెనక్కి తిప్పి, హెడ్‌ఫోన్ ఆమెకిచ్చి, తను ఒక పక్క చెవి ఆనించాడు. నాలుగు గొంతులూ గుమ్మం దగ్గరే ఉన్నంత దగ్గరగా మొదలయ్యాయి. పిండం మాట దగ్గర మూడు ఆగిపోయాయి. పోతురాజు గొంతు ఒక్కటే సాగి, పాటగా కాక మామూలు మాటగా, "అయితే నానెల్లనా లచ్చమ్మా?" అంది. ఆమె "ఇంకెల్లు మావా" అన్నది వినబడింది. తెడ్లు నీళ్లలో పడ్డాయి, నావ తిరిగింది, చప్పుడు దూరమైంది. మేండొలిన్ పలకవలసిన చోట్ల మాత్రం ఖాళీలున్నాయి. మైకు సరిగా పెట్టలేదేమో అనుకున్నాడు జగన్నాధం.

లక్ష్మణమ్మ హెడ్‌ఫోన్ తీసేసి, బయటికి నడిచి, ఇసుకలో కూలబడి గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. బుల్లమ్మ, దాలమ్మ, కర్ర పారేసి జగ్గమ్మ, అందరూ చేరారు. ఆ వేళే చావు కబురు వచ్చినట్టు పల్లె పల్లంతా ఏడ్చింది. సాయంత్రం పోటుకు ఆ చార చెరిగిపోయింది.

మద్రాసులో నరసింగరావు ఆ టేపు విని, "ఆడమనిషి గొంతు గొప్పగా ఉందయ్యా. మధ్యలో ఈ ఖాళీలేంటి?" అన్నాడు. మగగొంతులు అతనికి వినబడలేదు. జగన్నాధం మళ్లీ పెట్టి విన్నాడు. అతనికీ వినబడలేదు. "ఖాళీలు అలాగే ఉంచండి," అన్నాడు. రికార్డు వచ్చింది. ఎక్కువమంది కొనలేదు గానీ, కొన్నవాళ్లు దాన్ని ఎవరికీ అరువివ్వలేదు.

తర్వాత ఒక సినిమా పాటకు పిలుపొస్తే వెళ్లాడు. రిహార్సలు బాగా జరిగింది. దర్శకుడు మెచ్చుకున్నాడు. రికార్డు చేసి వింటే వయొలిన్లున్నాయి, తబలా ఉంది, మేండొలిన్ లేదు. మైకు మార్చారు, వైరు మార్చారు. గదిలో నిలబడ్డవాళ్ల చెవులకు ఖణేల్మని వినిపించే వాద్యం టేపు మీదికి మాత్రం ఎక్కలేదు. ఇంజినీరు చెమటలు తుడుచుకుంటున్నాడు. జగన్నాధం అందరికీ దణ్ణం పెట్టి, వాద్యం పెట్టెలో సర్దుకుని వచ్చేశాడు. ఆ రోజు మెరీనాలో చాలాసేపు కూర్చున్నాడు. ఏడుపు వచ్చింది, కాస్త నవ్వూ వచ్చింది.

ఆ తర్వాత అతను ఇతరుల పాటలు పట్టే పనిలోనే ఉండిపోయాడు. ఆ పని బాగా చేశాడు. మరుసటేడు చలికాలంలో ఆ పల్లెకు వెళ్తే, లక్ష్మణమ్మ చేపలు తిరగేస్తోంది. సంగతంతా విని, పని ఆపి, "దక్కలేదన్నమాట," అంది. "కోపమున్నాదేటి బాబూ నామీద?"

"లేదప్పా."

"అయితే వాయించు. మాకినిపిస్తాది గదా."

టేపు రికార్డరు బస్సులో తెచ్చిన సంచిలోనే ఉండిపోయింది. జగన్నాధం చాప అంచున కూర్చుని తీగలు సరిచేసుకున్నాడు. దాలమ్మ వచ్చింది, ఎర్రన్న వచ్చాడు, వల బాగుచేసుకుంటున్నవాళ్లు వల ఒళ్లో పెట్టుకునే ఇటు తిరిగి కూర్చున్నారు. లక్ష్మణమ్మ ఎండుచేపల మీద వాలే కాకుల్ని అదిలిస్తూ వింటోంది. అతను పొద్దు వాలే దాకా వాయించాడు.